తూర్పాఫ్రికా ఉమ్మడి బ్యాంకు

ఇరుగుపొరుగు రాజ్యముల మైత్రిని గూర్చి ప్రసంగించుట సులభము. ఆ మైత్రికి లెక్కల పుస్తకము తెరచుట కష్టము. సభలలో చేతులు కలిపిన నాయకులు పంపకముల యొద్దకు వచ్చునప్పటికి ముఖములు త్రిప్పుకొనుట లోకమున నిత్యము చూచుచున్నదే. ఇందుకు భిన్నమైన దృష్టాంతమొకటి తూర్పాఫ్రికాలో కలదు. దానిని పాఠకుల యెదుట నుంచదలచితిమి.

కెన్యా, ఉగాండా, టాంజానియా మూడును ఆంగ్లేయుల యేలుబడి నుండి విముక్తి నొందిన దేశములు. పరపాలనా కాలముననే రైళ్లు, రేవులు, తపాలా వీరికి ఉమ్మడిగా నుండెను. కాని ఆ యేర్పాటు ఫలము అందరికిని సమముగా దక్కలేదు. వర్తకమును కర్మాగారములును నైరోబీ నగరము చుట్టు చేరినవి. కెన్యా సరకులు పొరుగు అంగళ్లను నింపుచుండగా, తక్కిన రెండు దేశములును ప్రధానముగా కొనువారుగానే మిగిలినవి. స్వాతంత్ర్యము వచ్చినను ఈ యసమానత తొలగలేదు.

1967 జూను 6వ తేదీన కంపాలాలో కెన్యాట్టా, ఒబోటే, నైరేరేలు సంతకములు చేసిన ఒడంబడిక ఈ వ్యాధికి చికిత్స నారంభించెను. తూర్పాఫ్రికా సమాజమును, తూర్పాఫ్రికా అభివృద్ధి బ్యాంకును దాని మూలముననే పుట్టినవి. బ్యాంకు ప్రధాన కార్యాలయము కంపాలాలో నెలకొన్నది. దాని నిబంధనలలో నొకటి విశేషముగా గమనింపదగినది. మూలధనమును మూడు ప్రభుత్వములును సమముగా చెల్లింపవలెను. పెట్టుబడులు మాత్రము సమముగా పంచరాదు. నూటికి 38.75 వంతులు ఉగాండాకు, అంతియే టాంజానియాకు, 22.5 వంతులు మాత్రమే కెన్యాకు. అనగా కలిగినవాడు తోడివారితో సమముగా నిచ్చి, వారికంటె తక్కువ గైకొనుటకు వ్రాతమూలముగా నంగీకరించెను. దయాధర్మముగా గాక హక్కుగా నేర్పడిన యీ న్యాయమును మేము హృదయపూర్వకముగా శ్లాఘింతుము.

అయినను ఔషధము రోగమునకు చాలలేదు. బ్యాంకు నిధి స్వల్పము. కెన్యా ముందంజ దీర్ఘకాలము నాటిది. ఇంతలో 1971 జనవరిలో ఈదీ అమీను సైనిక బలముచే ఉగాండా యధికారము నపహరించెను. నైరేరే అతనితో కలసి కూర్చుండ నిరాకరించెను. సమాజమునకు శిరస్సైన మువ్వురు దేశాధ్యక్షుల సభ మరల సమావేశము కాలేదు. 1977లో సమాజము విచ్ఛిన్నమయ్యెను. రైళ్లను, విమానములను ఎవరికివారు వేరుపరచుకొనిరి. టాంజానియా కెన్యాతోడి సరిహద్దును మూసివైచెను. మరుసటి యేడు ఉగాండా టాంజానియాల నడుమ యుద్ధమే చెలరేగెను.

ఇంత కల్లోలములోను బ్యాంకు నిలిచినది. కారణమేమి? దానికి తనదైన శాసనపత్రము కలదు. ప్రభుత్వములే గాక కొన్ని ఆర్థిక సంస్థలును అందు వాటాదారులుగా నుండెను. అప్పిచ్చినవారును, అప్పు పుచ్చుకొన్నవారును గలరు. పాలకులు కలహించిన మాత్రమున ఋణపత్రము చెల్లకపోదు. అందుచేతనే అది సమాజముతో బాటు సమసిపోలేదని మా యభిప్రాయము. 1980లో బ్యాంకునకు క్రొత్త శాసనపత్రము వ్రాసికొనిరి. దాని కార్యరంగమును విస్తరింపజేసిరి. 1999 నవంబరు 30వ తేదీన ఆరూషాలో క్రొత్త ఒడంబడిక జరిగి, మరుసటి సంవత్సరము సమాజము పునర్జన్మ నెత్తెను. 2008లో రువాండా బ్యాంకున సభ్యత్వము పొందెను.

ఉమ్మడి బ్యాంకు రాజ్యముల నడుమ స్నేహమును పుట్టింపజాలదు. నాయకుల పంతములను ఆపజాలదు. ఆ సంగతిని తూర్పాఫ్రికా చరిత్రయే చాటుచున్నది. కాని స్నేహము నశించిన దినములలో గూడ ఒక త్రోవను తెరచియుంచగలదు. కాలువ తలవద్ద నున్న రైతు తన పొలము తడిసినంతనే తూము మూయింపక, శివారు చేలకు నీరు పారనిచ్చినగాని ఆయకట్టు పండదు. ఈ ధర్మము మన కృషీవలులకు క్రొత్త గాదు. దానిని దేశముల నడుమ శాసనముగా వ్రాసికొనుటయే క్రొత్త.

కావున ఎచ్చట నే దేశములు ఉమ్మడి బ్యాంకును స్థాపింపబూనినను, ఎవరెంత మూలధన మిచ్చిరని మాత్రమే విచారించిన చాలదు. వెనుకబడినవానికి ఎంత చేరునో, అది పత్రమున వ్రాయబడినదో లేదో ముందుగా చూడవలెను.