కద్మా చలికి ఏ హీటరు?

బదిలీపై కద్మా వచ్చిన తొలి డిసెంబరులోనే మా అమ్మ అంది: "గదిలో కుంపటి పెట్టుకుందాంరా, కరెంటు బిల్లు దండగ." ఇక్కడి జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అమ్మ బాధ నిజమే. కానీ మూసిన గదిలో బొగ్గు రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వద్దన్నాను.

మరి బిల్లు సంగతి? రుణ దరఖాస్తు చూసినట్టే లెక్క వేశాను. చలిదేశాల్లో వాడే పెల్లెట్ స్టవ్‌కు పొగగొట్టం కావాలి, మన క్వార్టర్లలో అది లేదు. ఇక మిగిలింది కరెంటే. 1000 వాట్ల హీటరు గంట నడిస్తే ఒక యూనిట్. ఏ రకం కొన్నా యూనిట్‌కు వచ్చే వేడి ఒకటే. ఆ వేడి ఎవరికి చేరుతుందన్నదే తేడా.

క్వార్ట్జ్ హీటరు ఎదుట కూర్చున్నవారిని వెంటనే కాస్తుంది. ఆయిల్ హీటరు గదంతా మెల్లగా వెచ్చబరుస్తుంది, కట్టేశాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. 2000 వాట్లది రోజుకు 4 గంటలు ఆగకుండా నడిస్తే నెలకు 240 యూనిట్లు. 800 వాట్లది 2 గంటలైతే 48.

ఒక్క మనిషికి వెచ్చదనం కావాలంటే చిన్నదే చాలు. మేము అదే కొన్నాం. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కాం. పడుకునే ముందు స్విచ్ కట్టేస్తాం. మీరు పెద్దది కొంటే థర్మోస్టాట్, ఐఎస్ఐ గుర్తు చూసుకోండి, 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి.

అమ్మ నిప్పు సరదా ఇప్పుడు భోగిమంట దగ్గర, ఆరుబయటే తీరుతోంది.