కానరాని ద్రవ్యము

జొన్నచేలలో మంచెయెక్కి పిట్టలను తోలువారు వడిసెల త్రిప్పుట మన సోదరీమణులలో ననేకులు చూచియే యుందురు. రాయి యెంత వేగముగా తిరిగిన త్రాడు దాని నంత గట్టిగా పట్టియుంచవలెను. పట్టు చాలనిచో రాయి యెగిరిపోవును. ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొన్నచో, భౌతికశాస్త్రజ్ఞులను నేటికిని కలవరపెట్టుచున్న యొక పెద్ద చిక్కు మనకును బోధపడును.

గ్రహములను సూర్యునిచుట్టు త్రిప్పునది ఆకర్షణశక్తి యను త్రాడు. సూర్యునికి దగ్గరనున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగిడుచుండగా, దూరముననున్న నెప్ట్యూను 5 కిలోమీటర్లకు కొంచెము మించి కదలును. దూరమైనకొలది పట్టు సడలును, నడక మందగించును. మన పాలపుంతవంటి గెలాక్సీలయందును, నడుమ నున్న నక్షత్రరాశికి దూరమైనకొలది నడక యిట్లే తగ్గవలెనని పండితులు తలంచిరి.

అట్లు కాదని గట్టిగా చూపినవారిలో ముఖ్యురాలు వేరా రూబిన్ అను అమెరికా విదుషీమణి. ఆమె 1928లో జన్మించెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రమందు పైచదువు చదువగోరెను గాని, ఆ శాఖలో 1975 వరకు స్త్రీలను చేర్చుకొననేలేదు. ఆమె వేఱొకచోట చదివి, బిడ్డలను పెంచుకొనుచునే 1954లో డాక్టరు పట్టమును పొందెను. 1970లో కెంట్ ఫోర్డ్ అను సహచరునితో గూడి, ఆండ్రోమెడా గెలాక్సీలోని ప్రకాశవంతములగు వాయుమేఘముల వేగములను కొలిచి ప్రకటించెను. అంచులనున్న మేఘములును లోపలివానికి తీసిపోక పరుగిడుచుండెను! 1980లో మఱి 21 గెలాక్సీల లెక్కలు వెలువడెను. వానియందును ఇదే తీరు. కనబడు నక్షత్రముల యాకర్షణ ఆ వేగమునకు చాలదు. మఱి యా రాళ్లను ఎగిరిపోకుండ పట్టియుంచిన త్రాడేది? కంటికిని దూరదర్శినికిని చిక్కని ద్రవ్యము గెలాక్సీని చుట్టి యుండవలెను. 1933లోనే జ్విక్కీ యను పండితుడు గెలాక్సీల గుంపును పరిశీలించి యీ మాటయే చెప్పెను గాని, చెవినిడినవారు తక్కువ.

దీనికి కృష్ణద్రవ్యమని పేరు పెట్టిరి. నాకీ పేరు నచ్చలేదు. నల్లని వస్తువు వెలుగును అడ్డగించును. ఇది అడ్డగింపదు, వెలుగనీయదు. నేటి లెక్కలనుబట్టి మన మెఱిగిన ద్రవ్యమంతటికంటె ఇది యైదురెట్లకు పైబడి యున్నది.

అది యేమి? న్యూట్రినోలు కావచ్చునని కొందరనిరి. కాని యవి మిక్కిలి తేలికయై, మిక్కిలి వేగముగా పోవునవి; అవియే ముఖ్యద్రవ్యమైనచో గెలాక్సీలు ఇప్పటివలె కూడియుండవు. ఇంకొక యూహ చిత్రమైన త్రోవలో వచ్చెను. పరమాణుకేంద్రమును బంధించు ప్రబలశక్తి ద్రవ్యమునకును ప్రతిద్రవ్యమునకును నడుమ పక్షపాతము చూపవచ్చునని సిద్ధాంతము చెప్పుచుండగా, ప్రయోగములం దది యేల కానరాదని రోబెర్టో పెచ్చేయి, హెలెన్ క్విన్ అను నిరువురు విచారించి, 1977లో నొక పరిష్కారమును సూచించిరి. క్విన్ ఆస్ట్రేలియాలో పుట్టిన వనిత. ఆ పరిష్కారము నిజమైనచో నొక క్రొత్తకణ ముండితీరవలెనని మరుసటియేట తేలెను. విల్చెక్ అను పండితుడు దానికి ఆక్సియాన్ అని పేరిడెను. అది యొక బట్టలుదుకు పొడి పేరు! సిద్ధాంతమునకు పట్టిన మరక నది వదలించునని యాయన భావము. మన చాకిరేవు సంగతులును శాస్త్రమునకెక్కినవన్నమాట. 1983లో, కృష్ణద్రవ్య మీ కణముల రాశియే కావచ్చునని లెక్కలు కట్టిరి. తాళపుచెవికై వెదకుచుండగా ఎన్నడో పోయిన ముక్కుపుడక దొరకినట్లున్నది.

దొరకినదనుట తొందరపాటే. బలమైన అయస్కాంతక్షేత్రమున ఆక్సియాన్ సన్నని రేడియోతరంగముగా మారవలెనని సిద్ధాంతము. దానికై అమెరికాలోని సియాటిల్ నగరమున, అతిశీతలమైన లోహపాత్రలో, సంవత్సరములుగా చెవియొగ్గి వినుచున్నారు. ఇంతవరకు వినబడలేదు.

1983లోనే మిల్‌గ్రోమ్ అను పండితుడు వేఱొకమాట యనెను: కానరాని ద్రవ్యమే లేదు, మిక్కిలి మందమైన యాకర్షణయందు న్యూటను సూత్రమే మారును. పెక్కుమంది దీనిని ఒప్పుకొనరు. గెలాక్సీల గుంపులకడ ఈ లెక్క చాలుటలేదు. అయినను, తన కొలతలే కృష్ణద్రవ్యమునకు ముఖ్యసాక్ష్యములై యుండగా, రూబిన్ మాత్రము సూత్రమే మారిన బాగుండునని యొకప్పుడు పలికెను. ఏది నిజమో తేలకమునుపే, 2016 డిసెంబరులో నామె కన్నుమూసెను. చిలీ దేశపు కొండపై ఆమె పేర నెలకొల్పిన వేధశాల 2025లో తన తొలి చిత్రములను లోకమునకు చూపెను.