బాటసారుల కోసం కట్టినవి

సెలవులు సమీపించగానే ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది: ఈసారి ఎక్కడికి వెళ్దాం? నాదర్‌గుల్‌లోని మా ఇంట్లోనూ అదే ప్రశ్న. పిల్లలు సముద్రం అంటారు, కొండ ప్రాంతాలు అంటారు. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఖర్చు, దూరం, అందరి ఆరోగ్యం తూచి చూసుకుని చివరకు గోల్కొండకే బయలుదేరాం.

ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ ధ్వని ఎంతో ఎత్తున ఉన్న బాలాహిస్సార్ వద్ద వినిపిస్తుంది. పిల్లలు ఆ వింతకు మురిసిపోయారు. అమ్మగారు మెట్లు ఎక్కలేక కిందనే కూర్చున్నారు. పైకి వెళ్ళి వచ్చిన మా చిన్నవాడు, "దాదీమా, అంత పెద్ద రాజులకు ఇంటి పైకప్పు కూడా మిగల్లేదేం?" అని అడిగాడు. ఆమె నవ్వి, "తమ కోసం కట్టుకున్నది అలాగే పోతుంది బేటా! ఇతరుల కోసం కట్టినవి కూడా ఉంటాయి. అవి చూపించమని మీ అబ్బాను అడుగు" అన్నారు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పతనమయింది. నేడు అక్కడి రాజప్రాసాదాలు మొండిగోడలుగా మిగిలాయి. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్యఖుర్ఆన్ మనల్ని పదేపదే హెచ్చరిస్తుంది. శిథిలాలు చూస్తే ఆ గుణపాఠం దొరుకుతుంది. అయితే గుణపాఠానికి మరో పార్శ్వం కూడా ఉంది. మనిషి మరణంతో అతని కర్మలు ఆగిపోతాయి, మూడు మాత్రం కొనసాగుతాయి అని దైవప్రవక్త (స) బోధించారు. అవి సదఖా జారియా, ప్రయోజనకరమైన విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే ఉత్తమ సంతానం. ఈ మూడింటినీ మనసులో ఉంచుకుని మేము మా ప్రాంతాన్ని, ఒకప్పటి హైదరాబాదు రాజ్యాన్ని కొత్త దృష్టితో చూడటం మొదలుపెట్టాం.

మొదటి మజిలీ మా ఇంటికి సమీపంలోనే ఉంది. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి విజయవాడ మార్గంలో వెళితే హయత్‌నగర్ వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన బాట ఈ దిశగానే సాగేది. ఈ ఊరికి పేరునిచ్చిన హయాత్ బఖ్షీ బేగం హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె. సుల్తాన్ ముహమ్మద్ ఆమె భర్త, సుల్తాన్ అబ్దుల్లా ఆమె కుమారుడు. ప్రజలు ఆమెను 'మా సాహెబా' అని గౌరవంగా పిలిచేవారు. నేటి మాసబ్ ట్యాంక్ పేరులో ఆ పిలుపే ఉంది. ఆమె పేరిట వెలసిన మస్జిద్ ఎత్తైన అరుగుపై ఐదు కమానులతో నిలిచి ఉంది. దాని విశాలమైన ప్రాంగణం చుట్టూ గదుల వరుసలు కనిపిస్తాయి. అవి బాటసారులు విడిది చేసిన సరాయి గదులు. సమీపంలోనే 'హాథీ బౌలీ' అనే పెద్ద బావి ఉంది. ప్రార్థనకు చోటు, అలసినవారికి నీడ, దప్పిక తీర్చే నీరు, మూడూ ఒకే ఆవరణలో సమకూర్చిన ఆ దూరదృష్టి ప్రశంసనీయం. రోజూ ఆ దారిన పోయే వేలాది మందిలో ఎందరు లోపలికి తొంగి చూస్తున్నారో!

నీటిని సదఖాగా భావించిన సంస్కృతికి నగరమంతటా గుర్తులున్నాయి. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణాన్ని చాలామంది సమాధుల కోసమే చూస్తారు. అక్కడి మెట్లబావులను కూడా తప్పక చూడాలి. వాటిలో పెద్దదైన 'బడీ బౌలీ' గోడ 2013లో భారీ వర్షాలకు కొంత కూలిపోయింది. ఆగా ఖాన్ ట్రస్ట్ సహకారంతో దానిని తిరిగి నిలబెట్టారు. ఈ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. చెత్తతో పూడిపోయిన బావి కూడా శ్రద్ధ చూపితే మళ్ళీ నీటిని ఇస్తుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నీరు వరమే కాదు, పరీక్ష కూడా. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాది ప్రాణాలను బలిగొంది. అఫ్జల్‌గంజ్ వద్ద, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగర చరిత్ర చెబుతుంది. ఆ విషాదం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరద నివారణకు పథకం రూపొందింది. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మాణమయ్యాయి. ఉదయం ఆ చెట్టును, సాయంత్రం గండిపేట కట్టను చూపిస్తే పిల్లలకు ఒక చరిత్ర పాఠం పూర్తయినట్లే.

రెండో అంశం విద్య. ఇందుకోసం రాష్ట్రం సరిహద్దు దాటాలి. హైదరాబాదు రాజ్యం 1956 నవంబరు 1 వరకు తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాలలో విస్తరించి ఉండేదని నేటి తరానికి తెలియదు. అందులోని బీదరు నేడు కర్ణాటకలో ఉంది. హైదరాబాదు నుండి తెల్లవారుజామున బయలుదేరితే చూసి రాత్రికి తిరిగి రావచ్చు. బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ 1472లో ఇక్కడ మూడంతస్తుల మదరసా కట్టించాడు. ఇరాన్‌లోని గీలాన్ నుండి వర్తకుడిగా వచ్చిన ఆయన, విద్యార్థులకు, అధ్యాపకులకు వసతిగదులు, గొప్ప గ్రంథాలయం, మస్జిద్ అన్నీ అందులో ఏర్పాటు చేశాడు. 1481లో శత్రువులు సృష్టించిన దొంగ లేఖ కారణంగా సుల్తాన్ ఆయనకు మరణశిక్ష విధించాడు. 1696లో మందుగుండు పేలి మదరసా ముందు భాగం సగం కూలింది. అయినా మిగిలిన ఒక మీనారుపై నీలిరంగు పలకలు నేటికీ మెరుస్తున్నాయి. ఆయనపై కుట్ర పన్నినవారి పేర్లు ఎవరికీ గుర్తు లేవు, ఆయన పాఠశాల పేరు మాత్రం అందరికీ తెలుసు. వీలైతే అక్కడి నుండి గుల్బర్గా కోటలోని జామె మస్జిద్ కూడా చూడండి. 1367 నాటి ఈ మస్జిద్‌కు తెరిచిన ప్రాంగణం లేదు, మొత్తం గుమ్మటాల కప్పు కిందనే ఉంటుంది.

ఇంకాస్త తీరిక ఉన్నవారికి ఔరంగాబాద్, అంటే నేటి ఛత్రపతి శంభాజీనగర్, రైలులో ఒక రాత్రి ప్రయాణం. ఈ నగరానికి 1610లో పునాది వేసినవాడు మలిక్ అంబర్. ఆఫ్రికాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్య పాలకుడి స్థాయికి ఎదిగిన వ్యక్తి. కొండల నుండి భూగర్భ కాలువల ద్వారా నగరానికి నీరు తెచ్చే 'నహ్రె అంబరీ'ని ఆయన నిర్మించాడు. అదే నగరంలోని 'పన్‌చక్కీ' వద్ద దూరపు ఊట నుండి మట్టి గొట్టాల ద్వారా వచ్చే నీటి ఒత్తిడితో తిరగలి తిరుగుతుంది. అక్కడ బస చేసిన విద్యార్థులకు, బాటసారులకు ఆ పిండితోనే రొట్టెలు చేసేవారు. 1660 నాటి బీబీ కా మఖ్బరా సౌందర్యం చూసి ఆనందించినా, మా పిల్లలు ఎక్కువసేపు నిలిచింది ఆ తిరగలి ముందే.

అక్కడికి దగ్గరలోనే ఎల్లోరా, మరికొంత దూరంలో అజంతా ఉన్నాయి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పింది. గులాం యజ్దానీ నేతృత్వంలో ఆ శాఖ అజంతా బౌద్ధ గుహల సంరక్షణకు పూనుకుంది. శిథిలమవుతున్న వర్ణచిత్రాల కోసం 1920లలో ఇటలీ నుండి నిపుణులను రప్పించింది. యజ్దానీ ఆ చిత్రాలపై నాలుగు సంపుటాల బృహద్గ్రంథం వెలువరించారు. పరధర్మీయుల వారసత్వాన్ని అమానతుగా భావించి కాపాడిన ఈ ఉదంతాన్ని నేటి యువతకు తప్పక వినిపించాలి.

ఇక మూడో అంశం సంతానం. అది మన చేతిలో ఉంది. ఒక సమాధి గోడపై మా పెద్దవాడు రాయితో తన పేరు చెక్కబోతుండగా మేము చూసి ఆపాం. కోప్పడలేదు. "ఈ గోడ కట్టిన మేస్త్రీ తన పేరు రాసుకున్నాడేమో వెతుకు" అన్నాం. వాడు చాలాసేపు వెతికాడు. దొరకలేదు. రాయి కింద పడేసి మౌనంగా మా వెంట నడిచాడు.

పాఠక సోదర సోదరీమణులకు కొన్ని సూచనలు. వర్షాలు తగ్గాక అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ ప్రదేశాల సందర్శనకు అనువైన కాలం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం, అజంతా సోమవారం, ఎల్లోరా మంగళవారం మూసి ఉంటాయి. వృద్ధులు వెంట ఉంటే మెట్లు తక్కువగా ఉన్న చోట్లు ముందు ఎంచుకోండి. సంతోష్‌నగర్ సమీపంలోని పైగా సమాధులు అలాంటివే. సున్నపు గచ్చుతో చేసిన అక్కడి జాలీల పనితనం తీరిగ్గా చూడదగినది. నీళ్ళు, జానమాజు వెంట ఉంచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మీ చెత్తను మీతోనే తీసుకురండి.

అన్నింటికంటే ముందు మీ కాలనీకి దగ్గరలోని పాత బావిని, పాత చెరువును పిల్లలకు చూపించండి. ఎవరు తవ్వించారో, ఎవరు నీరు తాగారో ఇంట్లోని పెద్దలను అడిగి తెలుసుకోండి. ఇప్పుడు మా ఇంట్లో సెలవుల ప్రశ్న మారింది. "ఎక్కడికి వెళ్దాం?" అన్న వెంటనే మా చిన్నవాడు, "అది ఎవరి కోసం కట్టారు?" అని అడుగుతున్నాడు.