గోతం విప్పి చూడాలి

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. తిరుమల రాగిరేకుల్లో మనకు దక్కినవి సగమైనా లేవు. పోయినవి ఇక రావు గదా!

ఈనాడు మన మార్కుల జాబితాలుండేది సర్వర్ డిస్కుల్లో. డిస్కు ఏనాటికైనా చెడేదే. అందుకే ‘రెయిడ్-1’ పద్ధతిలో రెండు డిస్కుల్లో ఒకటే రాస్తారు. విత్తనపు చెనిక్కాయల్ని రెండు గోతాల్లో దాచినట్టన్నమాట. ఒకదానికి పురుగు పట్టినా పని ఆగదు. చిక్కంతా అక్కడే! ఆగలేదు గనక ఎవరూ విప్పి చూడరు. రెండోదీ పోయాక గుండెలు బాదుకుంటారు.

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘ఎండీస్టాట్’ ఫైలు చూడండి. ‘యు యు’ అని ఉంటే రెండూ క్షేమం. ఒక ‘యు’ స్థానంలో అడ్డగీత వస్తే ఒకటి పోయినట్టే. ‘స్మార్ట్‌సీటీఎల్’ డిస్కు నాడి చెబుతుంది. పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే కొత్త డిస్కు తెప్పించాలి.

ఒక్కమాట: పొరపాటున చెరిపితే రెండింటా చెరిగిపోతుంది. కనుక వేరేచోట నకలు తప్పదు.