మాటకు డిపాజిట్ ఎంత?

మా బాలాపూర్ కుర్రాళ్లకు ఈ మధ్య చుట్టాలు పెరిగిపోయారు. ఒకాయన వందల కోట్ల కంపెనీ ఓనర్. ఇంకొకాయన మాజీ మంత్రి. మరొకామె పెద్ద ఐటీ కంపెనీలో హెచ్‌ఆర్ హెడ్. వీళ్లలో ఎవరూ మా ఊరు వచ్చింది లేదు, వస్తారన్న ఆశా లేదు. కానీ బాలాపూర్‌లో బస్సెక్కి, ఎల్బీనగర్‌లో మెట్రో పట్టుకుని, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గంలో దిగేలోపు వీళ్లలో ఒకరు మన చెవిలో కూర్చుని జీవితమంతా చెప్పేస్తారు. మధ్యలో 'ఇది ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు' అని ఓ మాట వేస్తారు. అంతే, దిగాల్సిన స్టేషన్ కూడా గుర్తుండదు.

ఉద్యోగం, వ్యాపారం, రాజకీయం. ఈ మూడింటి 'లోపలి ముచ్చట్లు' చెప్పే పాడ్‌కాస్ట్‌లకు ఇప్పుడు తెలుగులో మంచి గిరాకీ ఉంది. నేనూ వింటాను, రోజూ వింటాను. వినొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. విన్న తర్వాత ఏం చేయాలన్నదే నా ముచ్చట.

మనకెందుకింత ఇష్టం?

ఎందుకంటే మనకు లోపల ఎవరూ లేరు. మా వీధిలో చాలా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మేమే. ఆఫీసు ఎలా నడుస్తుందో చెప్పే బాబాయి లేడు, బిజినెస్ అగ్రిమెంట్ చదివిపెట్టే మామయ్య లేడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎకానమీ చెబుతారు, పాలిటీ చెబుతారు. జీతం ఎంత అడగాలి, పార్ట్‌నర్‌తో తేడా వస్తే ఏంచేయాలి, పార్టీలో టికెట్ అసలు ఎలా వస్తుంది? ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు.

ఆఫర్ లెటర్లో రాసే సీటీసీ వేరు, నెలాఖరుకు చేతికొచ్చేది వేరు అని నాకు మొదట తెలిసింది ఓ పాడ్‌కాస్ట్‌లోనే. నోటీస్ పీరియడ్ డబ్బు కట్టి బయటపడొచ్చని తెలిసిందీ అక్కడే. డబ్బున్న ఇళ్లలో పిల్లలు భోజనాల దగ్గర వినే మాటలు మనం ఇయర్‌ఫోన్లో వింటున్నాం. ఇది చిన్న మేలు కాదు.

నిన్నమొన్నటి ముచ్చట కాదు

'పాడ్‌కాస్ట్' అన్న మాట 2004లో పుట్టింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక మన జేబుల్లోకి దిగింది. 2020 లాక్‌డౌన్‌లో దర్శకుడు పూరి జగన్నాథ్ 'పూరి మ్యూజింగ్స్' పేరుతో చిన్న చిన్న ఆడియోలు వదిలితే చాలామందికి అదే మొదటి తెలుగు పాడ్‌కాస్ట్ అయింది. ఇప్పుడు 'రా టాక్స్' లాంటివి సినిమావాళ్లను, వ్యాపారులను, నాయకులను కూర్చోబెట్టి గంటలకు గంటలు మాట్లాడిస్తున్నాయి.

కానీ లోపలి మాట మీద మన మోజు అంతకంటే పాతది. ఏబీఎన్‌లో 'ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే' చేసింది ఇదే పని. ఇంకా వెనక్కి వెళ్తే హైదరాబాద్ ఆకాశవాణి కార్మికుల కార్యక్రమం. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకుంటుంటే మన పక్కింటి అరుగు మీద కూర్చున్నట్టే ఉండేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ ముచ్చట్లన్నీ పనిచేసేవాళ్ల కోసమే.

ఒకే ఆగస్టు, రెండు కథలు

రాజకీయాల్లో 'ఇన్‌సైడ్ స్టోరీ' ఎంత గమ్మత్తైనదో చెప్పడానికి మన దగ్గరున్న పెద్ద ఉదాహరణ 1995 ఆగస్టు. తెలుగుదేశంలో తిరుగుబాటు వచ్చింది. ఎన్టీఆర్ దిగిపోయారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడు ఎన్టీఆర్ తన గోడు చెప్పుకుంటూ 'జామాతా దశమగ్రహం' పేరుతో క్యాసెట్ తెచ్చారు. మధ్యలో విలేఖరి లేడు, ఎదురు ప్రశ్న లేదు, నేరుగా జనం చెవిలోకి మాట. ఇప్పటి లెక్కలో అదో పాడ్‌కాస్టే.

ఇరవై ఏడేళ్ల తర్వాత, 2022 అక్టోబర్‌లో ఆహాలో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్' రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌కు చంద్రబాబు వచ్చారు. అదే ఆగస్టు గురించి తన వైపు నుంచి చెప్పారు. అడిగేది బావమరిది, చెప్పేది బావ.

ఇద్దరూ లోపలివాళ్లే. ఇద్దరూ అక్కడ ఉన్నవాళ్లే. అయినా కథలు రెండు. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. లోపల ఉన్న మనిషికి అన్నీ తెలుస్తాయన్నది ఎంత నిజమో, అన్నీ చెప్పడన్నదీ అంతే నిజం. ఒక్కటే విన్నవాడికి చరిత్ర తెలిసిందనిపిస్తుంది. రెండూ విన్నవాడికి ఇంకో నాలుగు ప్రశ్నలు పుడతాయి. ఆ రెండోవాడే నయం.

పెద్ద నాయకులు ఇప్పుడు ఈ దారినే ఎంచుకుంటున్నారు. 2024 అక్టోబర్‌లో అమెరికా ఎన్నికలకు ముందు ట్రంప్ వెళ్లి జో రోగన్ దగ్గర దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. 2025 జనవరిలో ప్రధాని మోదీ జెరోధా నిఖిల్ కామత్‌తో, మార్చిలో లెక్స్ ఫ్రిడ్‌మన్‌తో మాట్లాడారు. ప్రెస్‌మీట్‌లో పది మంది పది వైపుల నుంచి అడుగుతారు. ఇక్కడ అడిగేది ఒక్కరు, అదీ పిలిచిన ఆతిథ్యంతో. ఇంటికొచ్చిన చుట్టాన్ని అప్పు సంగతి అడుగుతామా?

గెలిచినవాడే మైకు ముందుకొస్తాడు

వ్యాపారం పాడ్‌కాస్ట్‌లలో ఇంకో చిక్కుంది. పది మంది దుకాణం పెడితే తొమ్మిది మంది షట్టర్ దించారనుకోండి. స్టూడియోకు పిలుపొచ్చేది మిగిలిన ఒక్కడికే. 'ఉద్యోగం మానేశా, రిస్క్ తీసుకున్నా, గెలిచా' అంటాడు. అబద్ధం కాదు. కానీ అదే రిస్క్ తీసుకుని ఈఎంఐలు కట్టలేక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న తొమ్మిది మంది గొంతు మనకు వినపడదు.

వినపడని ఆ గొంతులకు ఒక్కోసారి లెక్క దొరుకుతుంది. 2024 సెప్టెంబర్‌లో సెబీ ఓ నివేదిక ఇచ్చింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులన్నీ పోను లక్ష రూపాయల కంటే ఎక్కువ లాభం చూసింది 1 శాతం మందే. మన వయసువాళ్లు ఆగి చదవాల్సిన లైన్ ఒకటుంది: ఇలా ట్రేడింగ్ చేసినవాళ్లలో 30 ఏళ్లలోపు వాళ్లు 2022-23లో 31 శాతం ఉంటే, ఒక్క ఏడాదిలో 43 శాతం అయ్యారు. ఆ ఒక్క శాతంలోని మనిషి సోఫాలో కూర్చుని నవ్వుతూ మాట్లాడుతుంటే, మిగతా వాళ్లు ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుంటారు.

ఉద్యోగం సలహాలకు కాలం తేడా ఉంటుంది. 2021లో ఐటీ కంపెనీలు ఎగబడి తీసుకున్న రోజుల్లో మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని బేరమాడినవాడు 'నేనైతే ఇలా చేశా' అంటాడు. 2023-24లో ఒక్క టీసీఎస్‌లోనే ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఆయన సలహా తప్పు కాదు, తారీఖు పాతది. అందుకే గెస్ట్ ఏం చెప్పారన్నదానితో పాటు ఏ సంవత్సరం సంగతి చెబుతున్నారన్నది కూడా పట్టుకోండి.

మూడు గంటల మాటల్లో 'కానీ', 'అయితే', 'అందరికీ కుదరదు' అన్న జాగ్రత్తలూ ఉంటాయి. రీల్‌గా కోసిన నలభై సెకన్లలో అవి ఎగిరిపోతాయి. మా దగ్గర చాయ్ హోటల్లో వాదనలన్నీ ఆ నలభై సెకన్ల మీదే నడుస్తాయి. "అన్నా, గాయన సాఫ్ చెప్పిండు, ప్లాటే కొనాలంట" అంటాడొకడు. పూర్తిగా విన్నావా అంటే, "గంత టైమ్ ఎవరికుందే" అంటాడు.

ఇక మా ఊరి లడ్డూ దగ్గరికొద్దాం

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం మీకు తెలిసిందే. 1994లో మొదటిసారి కొలను మోహన్‌రెడ్డి 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో అది 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. నిమజ్జనం రోజు పొద్దున టీవీల్లో చూసేవాళ్లకు ఆ అంకెలే గుర్తుంటాయి. నాకు మాత్రం ఓ నిబంధన గుర్తుండిపోయింది. 2024లో వేలంలో పాల్గొనాలంటే అంతకుముందు ఏడాది పలికిన ధర, అంటే 27 లక్షలు, ముందే డిపాజిట్ చేయాలని కమిటీ చెప్పింది. నోటికొచ్చిన అంకె అరిచి వెళ్లిపోతామంటే కుదరదు. ముందు డబ్బు పెట్టు, తర్వాత మాట్లాడు.

పాడ్‌కాస్ట్‌లో ఆ డిపాజిట్ లేదు. వంద కోట్ల టర్నోవర్ అనడానికి కాగితం చూపించక్కర్లేదు. అందుకే ఆ పని వినేవాళ్లం మనం చేయాలి. ప్రతి లోపలి మాటకు బయట ఎక్కడో ఓ కాగితం ఉంటుంది. అదే దాని డిపాజిట్.

నాయకుడా? ఎన్నికల్లో నిలబడినప్పుడు ఆస్తులు, అప్పులు, కేసులు రాసి సంతకం పెట్టిన అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎపిసోడ్‌లో చెప్పింది, అఫిడవిట్‌లో రాసింది పక్కపక్కన పెట్టి చూడండి.

కంపెనీ ఓనరా? ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఏటా తన లెక్కలను రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు ఇవ్వాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు.

ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే మనిషా? ఇది మా వైపు వాళ్లకు మరీ ముఖ్యం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌నైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన బిల్డింగ్‌నైనా రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రచారం చేయకూడదు, బుకింగ్‌లు తీసుకోకూడదు. 'ప్రీ లాంచ్ రేటు, మన ప్రేక్షకులకు మాత్రమే' అని వినపడిందంటే తెలంగాణ రెరా సైట్‌లో నంబర్ వెతకండి. నంబర్ లేకపోతే ఆ ముచ్చట అక్కడితో ఆపేయండి.

షేర్లు చెప్పే గురువా? ఏది కొనాలో, ఎప్పుడు అమ్మాలో సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగడం అమర్యాద కాదు.

ఇక చివరిది, ఈ ఎపిసోడ్‌కు డబ్బెవరిచ్చారు? గెస్టే డబ్బు కట్టి కూర్చుంటే అది ఇంటర్వ్యూ కాదు, ప్రకటన. డబ్బుకో, ఇంకో లాభానికో చెప్పే మాటైతే ఆ సంగతి స్పష్టంగా, వీడియోలోనూ ఆడియోలోనూ తెలియజేయాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనలో నోరు కలిపినవాళ్లకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. చట్టం ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

ఇవన్నీ చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. మూడు గంటలు విన్నవాళ్లకు పది నిమిషాలు పెద్ద లెక్క కాదు, అందులోనూ ఆ మాట నమ్మి పెట్టబోయేది నాన్న రిటైర్మెంట్ డబ్బయితే.

మైకు ఇంకా దొరకనివాళ్లు

నాకు ఇంకో కోరిక ఉంది. 'ఇన్‌సైడర్' అంటే మనం ఎప్పుడూ పైనున్నవాళ్లనే ఎందుకు అనుకుంటాం? మా బాలాపూర్‌కు దగ్గర్లోనే మన దేశపు క్షిపణుల పని జరిగే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. ఆ రహస్యాలు మనకు అక్కర్లేదు. కానీ ఈ చుట్టుపక్కల క్యాబ్ నడిపే అన్న ఉన్నాడు, కమీషన్లు పోను రోజుకు ఎంత మిగులుతుందో ఆయనకే తెలుసు. ఇరవై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతూ పది నిమిషాల డెలివరీ యాప్‌లతో పోటీ పడుతున్న ఆంటీ ఉంది. కాంట్రాక్ట్ మీద పనిచేస్తూ పీఎఫ్ ఎందుకు పడలేదో కనుక్కోవడానికి తిరుగుతున్న అక్క ఉంది. వార్డు స్థాయిలో ఎన్నికల పని చేసి, ఓటు ఎటు ఎందుకు తిరుగుతుందో చెప్పగలిగిన పెద్దమనిషి ఉన్నాడు. వీళ్లూ లోపలివాళ్లే. మనకు నిజంగా పనికొచ్చే లెక్కలు వీళ్ల దగ్గరే ఎక్కువ.

ఒకప్పుడు ఆకాశవాణి చేసిన ఆ పనికి ఇప్పుడు స్టూడియో అక్కర్లేదు. మీ జేబులో ఉన్న ఫోన్, రెండు వందలు పెట్టి కొన్న మైకు, తలుపేసిన గది చాలు. వాళ్ల ఇష్టంతో, వాళ్లు చెప్పొద్దన్నది వదిలేసి, ఓ గంట మాట్లాడించండి. గెలిచారా అని అడగకండి. ఈ నెల ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎక్కడ దెబ్బ తగిలింది అని అడగండి. ఆ ఎపిసోడ్ వదిలిన రోజు నాకు లింక్ పంపండి, రాయదుర్గం వెళ్లే దారిలో మొత్తం వింటాను.