'నేయు' ధాతువు: మూలమును, సంతతియు

సూరతు నగరమున లింబాయత్ ప్రాంతమందు వరంగల్లు, కరీంనగరు సీమలనుండి వలసపోయిన పద్మశాలీలు పెక్కురు కలరు. మరమగ్గపు పని వారి జీవనాధారములలో ముఖ్యమైనది. ఇరుగుపొరుగు గుజరాతీలకు నేయుట 'వణవుం', నేతగాడు 'వణకర్'. ఇవి సంస్కృత 'వే' ధాతువు కుటుంబములోనివి. తెలుగువారి 'నేయు' వీనికి బంధువు కాదు.

వ్రాతలో నిలువని మూలపదమును నిర్ణయించు పద్ధతికి స్లావు భాషలు మంచి ఉదాహరణము. నేయుటను రష్యనున 'త్కాత్', పోలిషున 'త్కాచ్', సెర్బియనున 'త్కతి' అందురు. మొదటి రెండు హల్లుల నడుమ అతిహ్రస్వమైన ఉకారమొకటి లోపించినదని గ్రహించి పండితులు *తుకతి అను రూపమును పునర్నిర్మించిరి. పొడుచుట, త్రోయుట అను అర్థములుగల ధాతువుతో దీనికి సంబంధము కలదు. పడుగులోనికి పేకను త్రోయుటయే గదా నేత! వారికి తొమ్మిదవ శతాబ్దిలో మొదలైన ప్రాచీన చర్చి స్లావు రచనలు చేయూత. మూలద్రావిడమునకు అంత చేరువైన గ్రంథభాష లేదు. సోదరభాషలే సాక్షులు.

తమిళమున 'నెయ్', మలయాళమున 'నెయ్యుక', తుళువున 'నెయుని', కన్నడమున 'నెయ్', 'నేయ్' రెండును కలవు. తెలుగున దీర్ఘము యాదృచ్ఛికము కాదు. తమిళ 'చెయ్', 'కొయ్', 'ఎయ్' ధాతువులకు తెలుగున 'చేయు', 'కోయు', 'ఏయు' అనునవి సరిపోవుచున్నవి. 'నెయ్'కు 'నేయు' ఆ వరుసలోనిదే. తినెడి నెయ్యికి తమిళమున 'నెయ్' అనియే పేరు; కాని అది నామము, తెలుగున హ్రస్వముతోనే నిలిచినది. ఇక తమిళ 'నెసవు' (నేత) లోని సకారము విలువైన సాక్ష్యము. తెలుగు 'ఉసురు', కన్నడ 'ఉసిరు', తమిళ 'ఉయిర్' ఒకే మాట యైనట్లు, ఇచటను మూలమున చకారముండి యకారముగా సడలెననవచ్చును. కావున *నెచ్-, *నెయ్- అను రెండు రూపములను పేర్కొనుట సమంజసము. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన కూర్పు 1984) ఈ సోదరపదములను ఒకచో చేర్చినది.

పనిముట్ల పేళ్లకు ఇంతటి స్థిరత్వము లేదు. తెలుగు 'మగ్గము', కన్నడ 'మగ్గ' ఒకటే. తమిళమున మాత్రము 'తఱి'. మరమగ్గమును సిరిసిల్లలో 'సాంచె' యందురు. గుజరాతీలో 'సంచో' అనగా యంత్రము. ఈ మాట పడమటినుండి వలసదారిలోనే తెలుగునకు చేరినదని తోచుచున్నది. యంత్రము మారినది, పేరు మారినది. దానిపై చేయు పని మాత్రము 'నేయుట'గానే యున్నది.

అట్లని నేతపదములన్నియు క్షేమమని తలపరాదు. సూరతున నీటిధారతో పేకను పంపెడి మగ్గములు వచ్చినవి. వానిలో నాడె లేదు. నాడె లేనిచోట ఆ మాటతో పనిలేదు. చేనేత నెరిగి సూరతు చేరిన ముదుసళ్ల నోట ఆసు, పడుగు, నాడె మొదలగునవి ఏ ఉచ్చారణతో నున్నవో, 'నేయు' ధాతువునకు వారు హ్రస్వము పలుకుదురో దీర్ఘము పలుకుదురో ముందుగా సేకరింపవలసియున్నది.