మూడు మాత్రలు వేసుకున్నా బీపీ తగ్గట్లేదా? ఈ హార్మోన్ పరీక్ష గురించి తెలుసుకోండి

మా ఖాలాకు చాలా ఏళ్లుగా బీపీ. పొద్దున రెండు మాత్రలు, రాత్రి ఒకటి. ఊరగాయ మానేశారు, అప్పడాలు మానేశారు, కూరలో ఉప్పు సగానికి తగ్గించారు. అయినా మెషిన్ పెడితే పై నంబర్ 160 కిందికి దిగేది కాదు. "అమ్మీ, చాటుగా ఊరగాయ తింటున్నావా?" అని పిల్లలు ఆమెనే అనుమానించేవారు. చివరికి ఒక డాక్టర్ నాలుగో మాత్ర రాసే ముందు ఒక రక్తపరీక్ష చేయించమన్నారు. తప్పు ఖాలాది కాదని అప్పుడు తెలిసింది. ఆమె ఒంట్లో ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ అవసరానికి మించి తయారవుతోంది.

ఈ జబ్బును మొదట బయటపెట్టింది అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్ జెరోమ్ కాన్ (1907–1994). అందుకే దీన్ని కాన్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

ఈ హార్మోన్ ఏం చేస్తుంది?

మన రెండు కిడ్నీల మీద టోపీల్లా చిన్న గ్రంథులు ఉంటాయి. వాటి పేరు అడ్రినల్ గ్రంథులు. ఆల్డోస్టెరాన్ అక్కడే తయారవుతుంది. నేను కామర్స్ చదివాను కాబట్టి జమాఖర్చుల భాషలో చెబుతాను. ఈ హార్మోన్ సోడియాన్ని, అంటే ఉప్పును, ఒంట్లో జమ చేస్తుంది. పొటాషియాన్ని మూత్రంలో ఖర్చు రాస్తుంది. ఉప్పుతో పాటు నీరూ నిలుస్తుంది, దాంతో బీపీ పెరుగుతుంది.

మామూలుగా బీపీ తగ్గినప్పుడు కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఆల్డోస్టెరాన్ తయారు చేయమని గ్రంథికి అందే ఆర్డర్ అక్కడే మొదలవుతుంది. ఈ జబ్బులో ఆర్డర్ లేకుండానే సరుకు తయారవుతూ ఉంటుంది. రెనిన్ తక్కువ, ఆల్డోస్టెరాన్ ఎక్కువ. ఈ రెండింటి నిష్పత్తిని చూసేదే ఆ రక్తపరీక్ష.

సైనికుల చెమట నుంచి దొరికిన జవాబు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాన్ ఒక ప్రశ్న మీద పనిచేశారు: ఉక్కపోత ప్రాంతాలకు వెళ్లే సైనికుల శరీరం ఆ వేడికి ఎలా అలవాటు పడుతుంది? కొన్ని రోజులు గడిచాక చెమటలో ఉప్పు బాగా తగ్గిపోతుందని ఆయన గమనించారు. ఉప్పు బయటికి పోకుండా అడ్రినల్ గ్రంథే ఆపుతోందని భావించారు. ఆ తర్వాత 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టేట్ తదితరులు ఆల్డోస్టెరాన్‌ను వేరు చేసి చూపించారు.

1954లో 34 ఏళ్ల మహిళ ఒకరు కాన్ దగ్గరికి వచ్చారు. కండరాల్లో బలం లేదు, ఒక్కోసారి కాళ్లు పూర్తిగా పడిపోయేవి. బీపీ ఎక్కువ, పొటాషియం చాలా తక్కువ, చెమటలోనూ ఉప్పు తక్కువే. కాన్‌కు తన సైనికులు గుర్తొచ్చారు. నెలల తరబడి పరీక్షలు చేశాక, అదే ఏడాది డిసెంబర్‌లో ఆపరేషన్ జరిగింది. కుడి అడ్రినల్ గ్రంథి మీద 4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. దాన్ని తీసేశాక ఆమె కోలుకున్నారు.

బీపీ రోగుల్లో ఈ జబ్బు చాలామందికి ఉండొచ్చని కాన్ తర్వాత చెప్పారు. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు. నూటికి ఒకరికి కూడా ఉండదని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. పొటాషియం తగ్గినవారికే పరీక్ష చేయడం దీనికి పెద్ద కారణం. నిష్పత్తి పరీక్ష వాడకం పెరిగాక లెక్క మారింది. బీపీ ఉన్నవారిలో 5 నుంచి 10 శాతం మందికి ఇది ఉంటుందని ఇప్పటి అంచనా. వీరిలో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది.

గుండెకు ఎందుకు ప్రమాదం?

ఒకే బీపీ ఉన్న ఇద్దరిని పోల్చితే, ఈ హార్మోన్ ఎక్కువైన వారికి పక్షవాతం, గుండె దడ, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. బీపీ పెంచడమే కాదు, ఆల్డోస్టెరాన్ గుండె కండరాన్నీ రక్తనాళాలనూ నేరుగా గట్టిపరుస్తుంది.

ఎవరు డాక్టర్‌ను అడగాలి?

- మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివారు
- పొటాషియం తక్కువగా ఉన్నవారు
- 40 ఏళ్లలోపే బీపీ మొదలైనవారు
- ఇంట్లో చిన్న వయసులోనే ఎవరికైనా పక్షవాతం వచ్చినవారు

బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయడం మంచిదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది.

గడ్డ ఒకవైపే ఉంటే ఆపరేషన్‌తో తీసేస్తారు. రెండు వైపులా సమస్య ఉంటే స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు ఇస్తారు. ఈ మాత్రను పక్కింటివాళ్లు వాడుతున్నారని మీరు కొనుక్కోవద్దు. పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరీ ముప్పు. పరీక్ష కోసమని బీపీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో డాక్టరే చెప్పాలి. ఉప్పు జాగ్రత్త ఎలాగూ తప్పదు: రోజంతటికీ 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీస్పూన్.

ఖాలాకు మందు మార్చారు. ఇప్పుడు పై నంబర్ 130 దగ్గర ఉంటోంది. మీ ఇంట్లోనూ ఎవరికైనా బీపీ దిగట్లేదంటే, ముందు వాళ్లను అనుమానించకండి. "ఆల్డోస్టెరాన్–రెనిన్ రేషియో" అని ఒక చీటీ మీద రాసుకుని, ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌కు చూపించండి.